గాలికుంటు టీకా ఉచితమే, మరి గేదెను ఎందుకు దాస్తున్నారు?

పశువుల అంటురోగమైన గాలికుంటుకి టీకాలు వేస్తారని ఊళ్లో దండోరా వేస్తే, ఆ పూటకి గేదెను పొలం తోలేసే పాడి రైతులున్నారు. టీకాకి పైసా ఖర్చు లేదు. 2019లో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ (పశువులు ఈసుకుపోయే రోగం) రెండింటికీ కలిపి కేంద్రం ప్రకటించింది రూ.13,343 కోట్లు. ఇంత పెట్టి గడప ముందుకొస్తే వద్దంటారేంటి, అవగాహన లేదు అనేయడం తేలిక. నాకైతే అవగాహన కంటే లెక్కే కారణం అనిపిస్తుంది.

పూటకి నాలుగు లీటర్లిచ్చే గేదె అనుకుందాం. సూది పడ్డాక కొన్నాళ్లు పాలు తగ్గొచ్చు. రోజుకో లీటరు చొప్పున మూడు రోజులు, లీటరు అరవై అంటే పోయేది రూ.180. అదే రోగమొస్తే నోటి నిండా పొక్కులు, తీగలు సాగే చొంగ, గిట్టల మధ్య పుండ్లు, గడ్డి ముట్టదు. రోజుకి ఆరు లీటర్లు తగ్గి నెలపాటు అలాగే ఉంటే రూ.10,800, మందులు వేరే. పెద్ద పశువు చావడం తక్కువే గానీ దూడలు గుండె దెబ్బతిని పోతాయి. టీకా బలం సుమారు ఆర్నెల్లే కాబట్టి, ఆ ఆర్నెల్లలో రోగమొచ్చే అవకాశం అరవైలో ఒకటి దాటితే చాలు, టీకాయే లాభం. కానీ ఆ నూట ఎనభై రేపు పొద్దున పాలకేంద్రం చిట్టీలోనే కనిపిస్తుంది, పదివేల నష్టం వస్తుందో రాదో. పైగా ఊరంతా వేయించుకుంటే తన గేదె ఎలాగూ గట్టెక్కుతుందని రైతుకి తెలుసు, ఆయనేం అమాయకుడు కాదు.

2001లో బ్రిటన్ ఇదే రోగానికి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేసింది, వాటిలో ఎక్కువ గొర్రెలే. మనకి ఆ దారి లేదు, టీకాయే గతి. రోగం పోతే మాంసం ఎగుమతిదారుకి కొత్త మార్కెట్లు తెరుచుకుంటాయి, పక్కింటి గేదె బాగుంటుంది, డెయిరీకి పాలు తగ్గవు. ఇంతమందికి లాభమైనప్పుడు ఆ మూడు లీటర్ల డబ్బు రైతు ఒక్కడే ఎందుకు భరించాలి? టీకా వేయించిన గేదెకి మూడు రోజుల తేడా పాలబిల్లులో కలిపి ఇస్తే సరి.

ఇంకో మాట. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఐసు కరిగిన పెట్టెలోంచి తీసి పొడిచిన సూదికీ పాలు తగ్గొచ్చు, రక్షణ మాత్రం రాదు. ఆ తర్వాత గాలికుంటు వచ్చిందంటే, మరుసారి దండోరాకి ముందే ఆ రైతు గేదె పొలంలో ఉంటుంది.