కుక్క పడితే వేట కాదట!

మా బావ ఈ మెసేజు పంపడం ఇది నాలుగోసారి. మొదటిసారి చూసి ఊరుకున్నాను. రెండోసారి మొహమాటానికి బొటనవేలు గుర్తు పెట్టాను, అదే నేను చేసిన తప్పు. ఇప్పుడది పాత మిత్రుల గ్రూపులోనూ, కుక్కలు పెంచేవాళ్ల గ్రూపులోనూ, చివరికి మా అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకరు గ్రూపులోనూ తిరుగుతోంది. "వేటకుక్క ఉన్న ప్రతి తెలుగువాడూ తెలుసుకోవలసిన ఏడు నిజాలు" అని పేరు. కుక్కతో కౌజు పిట్టల వేట మన హక్కు, ఏ చట్టమూ ఆపలేదు అన్నది సారాంశం. మా ఇంట్లోనూ ఒక పాయింటరు, అంటే పిట్ట వాసన తగిలితే కదలకుండా నిలబడి చూపించే వేటకుక్క, ఉంది కాబట్టి అందరికీ నేనే గుర్తొస్తున్నాను.

మొదటి నిజం: కౌజు మాంసం తింటే ఉబ్బసం, పక్షవాతం, మోకాళ్ల నొప్పులు పోతాయి. పోవు. తరువాతి దానికి వెళదాం.

రెండోది కాస్త తెలివైనదే. "కౌజులను ఫారాల్లో పెంచుతున్నారు, హోటళ్లలో వేపుడు చేసి అమ్ముతున్నారు. అదే పిట్టను పొలంలో పడితే నేరమెలా అవుతుంది?" అదే పిట్ట కాదు కనుక! ఫారంలో ఐదారు వారాలకే అమ్మకానికి వచ్చేది జపాన్ జాతి పిట్ట. దాని గుడ్డు మీద నల్లని, గోధుమరంగు మచ్చలుంటాయి. దాని చుట్టాన్ని మనవాళ్లు ఎప్పటినుంచో పూరేడు అంటున్నారు. పాత నిఘంటువుల్లోని కౌజు వేరు. పొద్దున్నే కంపచెట్ల వెనక నుంచి ఊరంతా వినబడేలా అరిచేది అదీ. ఎర్రటి కాళ్లు, పుంజుకు కాలి మీద ముల్లు, గుడ్డు మచ్చలేని మీగడ రంగు. వ్యాపారం కోసం జపాన్ పిట్టకు కౌజు పేరు తగిలించారు, పత్రికలూ అలాగే రాశాయి. పేరు అరువిచ్చిన పాపానికి అడవి కౌజు ప్రాణం కూడా ఇవ్వాలా?

మూడోది పారువేట. "దేవుడే వేటకు వెళ్తాడు, మనం వెళ్తే తప్పా?" అహోబిలం పారువేట ఉత్సవంలో నరసింహస్వామి పల్లకిలో చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది తన పెళ్లికి రమ్మని పిలవడానికి. ఆ ఊరేగింపులో ఆయన ఒక్క కౌజును కూడా పట్టినట్టు నేను వినలేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. వన్యప్రాణి చట్టానికి 1991 సవరణ వచ్చేదాకా చిన్న ప్రాణుల వేటకు లైసెన్సు ఇచ్చే పద్ధతి చట్టంలోనే ఉండేది. కాబట్టి తాతలు చెప్పిన వేట కథలన్నీ నేరాల చిట్టా కావు. వాటిని పట్టుకుని ఇప్పుడు పొలం మీద పడటమే నేరం.

ఇక నాలుగోది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. "తుపాకీ పేలిస్తేనే వేట. కుక్క తనంతట తాను పట్టుకుంటే యజమానికి సంబంధం లేదు. కుక్కకు చట్టం వర్తించదు." నిజమే, కుక్కకు వర్తించదు. అది మెసేజులు కూడా పంపదు. ఈ లెక్కన పిట్టను పట్టింది ఉచ్చు, నేను కాదు అని కూడా అనవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే ఏమిటో విడమరిచి చెప్పింది: చంపడం, పట్టడం, తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం. తరమడానికి ఆ చట్టంలో వాడిన ఇంగ్లీషు మాటల్లో ఒకదానికి, 'కోర్సింగ్' అన్నదానికి, అర్థమే కుక్కలతో వెంటాడటం. మెసేజు రాసిన పెద్దమనిషికి ఆ ఒక్క మాట దగ్గరే కళ్లు మూతపడినట్టున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఆ చట్టం కొత్త జాబితాల్లో (వాటినే షెడ్యూళ్లు అంటారు) కౌజు రెండో షెడ్యూలులో ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వేటకు వాడిన బండీ పోతుంది. ఇవన్నీ పడేది ఎవరి నెత్తిన? ఈ మెసేజు నమ్మి, కుక్క నోట్లో కౌజుతో వీడియో తీసి స్టేటస్ పెట్టే ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన. రాసినవాడు హాయిగా ఎనిమిదో నిజం వెతుక్కుంటూ ఉంటాడు.

నేనేమీ కడిగిన ముత్యాన్ని కాను. మూడేళ్ల కిందట ఒక వేసవి ఉదయం, చెరువు కట్ట అవతలి బీడులో మా కుక్కను గొలుసు తీసి వదిలాను. రేగు పొద ముందు అది బిగుసుకుపోయింది: ముంగాలు ఒకటి పైకి, తోక వెనక్కి కర్రలా, ఒళ్లంతా సన్నటి వణుకు. ఎంత అందమంటే నేను దాన్ని వెనక్కి పిలవలేదు, ఫోను తీశాను. పెట్ట రెక్కలు టపటపలాడిస్తూ లేచింది, కుక్క దూకింది. పిట్ట దొరకలేదు. పొద కింద గుంటలో ఆరు గుడ్లు, వాటిలో రెండు కుక్క కాలి కింద చితికి ఉన్నాయి. గుడ్లు పాడుచేయడం, గూడు చెదరగొట్టడం కూడా ఆ నిర్వచనంలో వేటే. తుపాకీ లేదు, కూర లేదు, వేట మాత్రం జరిగింది.

కౌజు అంతరించిపోయే దశలో లేదు, నిజమే. కానీ అలాంటి బీడుల్లోనే, కంపల్లోనే అంతరించిపోతున్న పిట్టలూ ఉన్నాయి: రోళ్లపాడు బట్టమేక పిట్ట నేల మీద ఒకే ఒక గుడ్డు పెట్టింది, లంకమల కలివికోడి బతికింది. ఒకటో షెడ్యూలు ఏదో రెండోది ఏదో కుక్క ముక్కుకు తెలియదు.

ఐదోది: కౌజు పంటకు శత్రువు. గింజలు తింటుంది, చెదపురుగులనూ తింటుంది. రైతులు నీ కుక్కను పిలవలేదు.

ఆరోది అమెరికా. అక్కడ కుక్కలతో పక్షుల వేట ఉందన్నది నిజం. దక్షిణ డకోటాలో 1919 నుంచి ఫెజంటు అనే కోడిలాంటి పిట్ట వేట సాగుతోంది. లైసెన్సు ఉండాలి, పుంజులనే కొట్టాలి, రోజుకు మూడే. తనిఖీలో పుంజో పెట్టో తేలడానికి తలో కాలో ఈకలో కోయకుండా ఉంచాలి. 1937 చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద పదకొండు శాతం పన్ను వేసి ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణుల పనులకే ఇస్తారు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయను, మనకంటే నిజాయితీగా ఉందని కూడా అంటాను. మన మెసేజులో మాత్రం వేట ఉంది, పన్ను లేదు. కుక్క ఉంది, లెక్క లేదు.

ఏడోది, వేట లేకపోతే ఈ జాతి కుక్కలు కుంగిపోతాయని. ఇది దాదాపు నిజం. పని లేని పాయింటరు మా సోఫాకు ఏ గతి పట్టించిందో చూసినవాణ్ని. అందుకే ఇప్పుడు ఫారం పిట్టలు అమ్మే దుకాణం నుంచి ఈకలు తెచ్చి, పాత మేజోడులో కుట్టి ఇంట్లో దాచిపెడుతున్నాను. నిన్న బియ్యం బస్తా వెనక దాచాను. గడపలోంచే వాసన పట్టి, వంటింటి మధ్యలో ముంగాలు ఎత్తి కదలకుండా నిలబడింది. మా ఆవిడ పాలగిన్నె పట్టుకుని అది దారి వదిలేదాకా ఆగింది. బావా, ఆ ఫొటో నీకు పంపాను. అది ఎంతమందికైనా ఫార్వర్డు చేసుకో.