మొదటి దెబ్బ తమరిదే, ఆచార్యా!

పూర్వపు గురువు మీద విల్లెత్తిన శిష్యుడికి ఆ యుద్ధం నిజంగా ఇష్టమేనా అన్న ప్రశ్నను మన పెద్దలు ఇంతకాలం భగవద్గీతకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. గీతలో అర్జునుడి వాంగ్మూలం స్పష్టంగానే ఉంది: పూజింపదగిన భీష్మద్రోణుల మీద బాణాలు ఎలా వేసేది, గురువులను చంపి రాజ్యభోగాలు అనుభవించడం కంటే బిచ్చమెత్తుకుని బతకడం మేలు అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు అతని ఒళ్లు వణికింది, నోరు ఎండింది, గాండీవం చేతిలోంచి జారింది కాబట్టి సాక్ష్యంలో నిజాయితీని శంకించనక్కరలేదు. అయితే ఇదే మనిషి అంతకు కొన్ని నెలల ముందే విరాటనగరం పొలిమేరల్లో ఇదే ద్రోణాచార్యుల మీదికి, ఎవరూ బతిమాలకుండానే, ఏ విశ్వరూపమూ చూడకుండానే రథం తోలించుకుని వెళ్లాడన్న సంగతిని విచారణలో ఎవరూ ప్రస్తావించకపోవడం న్యాయం కాదు. ఆ రోజు నొగల మీద కృష్ణుడు లేడు. ఉన్నవాడు ఉత్తరకుమారుడు, వాడు కౌరవసేనను చూడగానే రథం దిగి పారిపోతే, జుట్టు పట్టుకుని వెనక్కి తెచ్చి ధైర్యం చెప్పినవాడు అర్జునుడు. అంటే ఆ రోజు ఉపదేశం చేసే స్థానంలో ఉన్నది తానే కనుక, యుద్ధం తన ఇష్టం కాదని తప్పుకునే వీలు కూడా అతనికి లేదు.

కాబట్టి ఈ వ్యవహారాన్ని గీత దగ్గర కాకుండా ఉత్తర గోగ్రహణం దగ్గర, అంటే కౌరవులు విరాటరాజు ఆవులను పట్టుకుపోవడానికి వచ్చిన ఘట్టం దగ్గర మొదలుపెట్టి తిరిగి పరిశీలించవలసి ఉన్నది. తెలుగువాళ్లకు ఈ ఘట్టం కొత్త కాదు. తిక్కన సోమయాజి తన భారత రచనను విరాటపర్వంతోనే ఆరంభించారు. వానలు పడకపోతే ఊళ్లలో విరాటపర్వం చదివించడం మనకు తరాలుగా ఉన్న ఆనవాయితీ. అన్ని తరాల పాటు మబ్బుల కేసి చూస్తూ విన్నందువల్ల కాబోలు, అందులో గురుశిష్యులు ఒకరినొకరు ఎంత మర్యాదగా కొట్టుకున్నారో మనం సరిగ్గా గమనించినట్టు లేదు.

ముందుగా శిష్యుడి స్థితి. ఇంద్రప్రస్థం జూదంలో పోయింది. 12 ఏళ్లు అడవి. ఆ పైన ఏడాది అజ్ఞాతవాసం. ఖాండవాన్ని దహించినవాడు, పాశుపతం సంపాదించినవాడు, ఇంద్రుడి పక్కన అర్ధాసనం మీద కూర్చున్నవాడు, విరాటరాజు అంతఃపురంలో జడ వేసుకుని, అల్లెతాటి కాయలు కనబడకుండా చేతులకు గాజులు తొడుక్కుని, బృహన్నల అనే పేరుతో రాకుమారి ఉత్తరకు నాట్యం నేర్పుతున్నాడు. నాట్యాచార్య పదవి తక్కువదని ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. విలువిద్యలో సాటిలేనివాడికి ఆ ఏడాదంతా విల్లు తాకే అవకాశం లేకపోవడం, తాను ఎవరో ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోవడం ఎంతటి పతనమో గుర్తు చేయడమే ఉద్దేశం. అటువంటివాడు జమ్మిచెట్టు మీది విల్లు దింపించి, గాజులు తీసి, జుట్టును తెల్లని బట్టతో బిగించి కట్టుకుని రథమెక్కాడు. ఆకలితో గుహలో పడి ఉన్న సింహం ఏనుగుల మందను చూసి బయటికి వచ్చిన తీరుగా ఉన్నాడని తిక్కన గారి పద్యం. ఆకలి అన్న మాటను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. యుద్ధం ఇష్టంలేనివాడికి కవులు ఆ మాట వాడరు.

ఇక ముఖ్యమైన సాక్ష్యం. రణరంగంలో కౌరవ వీరుల జెండాలను ఒక్కొక్కటిగా ఉత్తరుడికి చూపిస్తూ, బంగారు కమండలం గుర్తున్న ధ్వజం దగ్గరికి వచ్చేసరికి అర్జునుడు మూడు ఆదేశాలు ఇచ్చాడు. ఆయన మా ఆచార్యులు, ఆయనకు ప్రదక్షిణంగా రథం తోలు అన్నది మొదటిది. ఆయన ముందుగా నా ఒంటి మీద దెబ్బ వేస్తే, ఆ తరువాత నేను వేస్తాను, అప్పుడు ఆయనకు కోపం రాదు అన్నది రెండోది. మూడోది తరువాత వచ్చింది, అదే అసలైనది. ఎర్ర గుర్రాల రథం కనబడగానే, బుద్ధిలో శుక్రుడంతటివాడు, నీతిలో బృహస్పతి అంతటివాడు అని గురువుగారి యోగ్యతాపత్రం మొత్తం చదివి వినిపించి, చివర, ఆ మహానుభావుడితో యుద్ధం చేయాలని నాకు కోరికగా ఉంది, రథాన్ని త్వరగా అటు పోనీ అన్నాడు. మూలంలో ఉన్నది ఇచ్ఛ. తప్పదని కాదు, ధర్మమని కాదు, అన్నగారి ఆజ్ఞ అని కాదు. పైగా త్వరగా పోనిమ్మన్నాడు.

ఇంత స్పష్టమైన ఒప్పుకోలు ఉండగా ప్రశ్న ఇంకా ఎందుకు మిగిలిందంటే, ఆ కోరికను తీర్చుకునే పద్ధతిలో అతను చూపిన వినయం అందరినీ పక్కదారి పట్టించింది. రెండు బాణాలు వచ్చి ద్రోణుడి పాదాల దగ్గర దిగాయి. మరో రెండు ఆయన చెవులను రాసుకుంటూ వెళ్లాయి. చెవి పక్క నుంచి బాణం దూసుకుపోతే మామూలు మనిషి ఏమనుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు. ద్రోణుడు మాత్రం మురిసిపోయి, కాళ్ల దగ్గరివి నమస్కారమనీ, చెవుల దగ్గరివి కుశల ప్రశ్నలనీ పక్కవారికి అర్థం చెప్పారు. ఈ వ్యాసకర్తకు కావలసిన కీలకం ఇక్కడే ఉంది. కురుసైన్యంలో ఆ బాణాలను చదవగలిగినవాడు ఆయన ఒక్కడే. ఏడాదిపాటు అద్దె పేరుతో బతికినవాడికి తన చేవ్రాలును చూసి గుర్తుపట్టే మనిషి ఒకడు కావాలి. ఆ గుర్తింపు కర్ణుణ్ణి ఓడిస్తే రాదు, దుర్యోధనుణ్ణి తరిమితే రాదు. పాఠం చెప్పినవాడు ఎదురుగా నిలబడి ఇరవైకి పైగా బాణాలు వేసి, అవి తన దాకా రాకుండానే ముక్కలవుతుంటే చూడాలి. ఇది పగ కాదు. చాలాకాలం కిందట రాసిన పరీక్షకు మార్కులు వేయించుకోవడానికి హాలుటికెట్టుతో సహా హాజరైన అభ్యర్థి ఆత్రం.

మొదటి దెబ్బ విషయంలో అతను పట్టిన పట్టును కూడా ఈ వెలుగులోనే చూడాలి. గురువుగారి ఎదుట రథం నిలిపి, అడవుల్లో పడి ఉన్నాం, ప్రతీకారం తీర్చుకోవలసి ఉంది, మా మీద కోపగించవద్దు, తమరు కొడితేనే నేను కొడతాను, ఇదీ నా నిశ్చయం, కనుక తమరు ఆ పని చేయవలసింది అని విన్నవించాడు. సరళమైన భాషలో చెప్పాలంటే, నాకు మీతో కొట్టుకోవాలని ఉంది గానీ మొదలుపెట్టింది మీరే అని ఉండాలి. ఈ ఏర్పాటు మన కాలంలోనూ సజీవంగా ఉంది. మొన్నటిదాకా అన్నం పెట్టిన నాయకుడి నియోజకవర్గంలోనే ఎదుటి పార్టీ తరఫున నామినేషన్ వేసినవాడు, విలేకరుల ముందు, ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే, నా రాజకీయ గురువు ఆయనే, ఆయన వైఖరి వల్లనే ఈ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది అని కళ్లొత్తుకుంటాడు. పోలిక అర్జునుడికి అవమానకరమని తెలుసు. కాకపోతే అర్జునుడి దగ్గర కాగితాలు సక్రమంగా ఉన్నాయి.

ఆ కాగితాల్లో మొదటిది ఆదిపర్వంలో ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ద్రోణుడు అర్జునుడికి బ్రహ్మశిరోనామకాస్త్రం ఇచ్చినప్పుడు బంధుజనుల సమక్షంలో ఒక దక్షిణ అడిగారు: నేను నీతో యుద్ధానికి దిగిన రోజున నువ్వు కూడా నాతో తిరిగి యుద్ధం చేయాలి. శిష్యుడు సరేనని పాదాలు పట్టుకుని మాట ఇచ్చాడు. ఏకలవ్యుడి దగ్గర బొటనవేలు పుచ్చుకున్న గురువు, అర్జునుడి దగ్గర ముందస్తు తేదీ వేసిన యుద్ధాన్ని పుచ్చుకున్నాడన్నమాట. ఈ ఒప్పందం ఉండగా విరాటనగరం దగ్గర ప్రదక్షిణలూ, ముందు తమరే కానివ్వండి అన్న బతిమాలుళ్లూ చట్టప్రకారం అవసరం లేదు. అవసరం లేని మర్యాద చేసేవాడు లోపల కాస్త ఎక్కువ ఉత్సాహంగా ఉన్నాడని అనుమానించడం తప్పు కాదు.

ద్రోణుడి ఉత్సాహం మాత్రం తక్కువదా? శత్రువు రథధ్వని వినగానే వచ్చేది అర్జునుడేనని గుర్తుపట్టి, సొంత సైన్యం గుండె జారేట్టు అతన్ని పొగిడారు. కౌరవ పక్షంలో దీనిమీద పెద్ద రభస జరిగింది. ఆచార్యులు దయగలవాళ్లు, పండితులు, వాళ్లను అపాయ సమయంలో సలహా అడగరాదు. మేడల్లో, గోష్ఠుల్లో చిత్రమైన కథలు చెప్పడానికి, వంటలో దోషాలు ఎంచడానికి పనికివస్తారు అని ఒక ప్రసంగం నడిచింది. విద్యావేత్తల మీద పాలకుల అభిప్రాయం ఆనాటి నుంచి ఈనాటికి పెద్దగా మారినట్టు లేదు. అశ్వత్థామ మండిపడి, కావాలంటే ఆచార్యులు యుద్ధం చేసుకోవచ్చు, నేను మాత్రం అర్జునుడితో చేయనని తెగేసి చెప్పాడు. కొడుకే వద్దన్న యుద్ధానికి తండ్రి ఎర్ర గుర్రాలను తోలించుకుని వెళ్లి, శిష్యుడి తెల్ల గుర్రాలకు ఎదురుగా నిలిపారు. చూస్తున్నవాళ్లు, గురువుతో పోరాడవలసి వచ్చింది, క్షత్రియధర్మం ఎంత భయంకరమైనది అని నిట్టూర్చారట. ఆ నిట్టూర్పు చూసేవాళ్లది. చేసేవాళ్లిద్దరూ ఆ సమయంలో నిట్టూర్చినట్టు ఎక్కడా లేదు.

ఆ యుద్ధం ఎలా ముగిసిందో చూడండి. కవచం చీలి, జెండా దెబ్బతిని, ద్రోణుడు ఇరుకున పడ్డారు. అశ్వత్థామ అడ్డు వచ్చాడు. అర్జునుడు అటు తిరిగి, గురువుగారు తప్పుకోవడానికి దారి వదిలాడు. ఆ తరువాత సమ్మోహనాస్త్రంతో సేనంతా పడిపోయాక, ఉత్తర అడిగిన బొమ్మపొత్తికల కోసం వీరుల ఉత్తరీయాలు తెమ్మని ఉత్తరుణ్ణి పంపాడు. ఆ జాబితాలో కర్ణుడి పసుపు బట్ట, అశ్వత్థామ దుర్యోధనుల నీలిబట్టలతో పాటు ద్రోణుడి తెల్లబట్ట కూడా ఉంది. భీష్ముడి జోలికి మాత్రం పోవద్దన్నాడు, ఆయనకు ఆ అస్త్రానికి విరుగుడు తెలుసని. పాదాలకు బాణాలతో మొక్కిన చేతులతోనే గురువుగారి పైబట్టను ఆడపిల్ల బొమ్మలకు తరలించడం శిష్యధర్మంలో ఏ పద్దు కిందికి వస్తుందో ధర్మశాస్త్రజ్ఞులు తేల్చవలసి ఉన్నది. పోతూ పోతూ మళ్లీ భీష్మద్రోణులకు తల వంచి మొక్కాడు, దుర్యోధనుడి కిరీటం మాత్రం ఒక బాణంతో పగలగొట్టాడు. ఎవరి మీద పగ, ఎవరితో పోటీ అన్నది ఆ రెండు పనులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

కురుక్షేత్రానికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. అప్పటికి అర్జునుడు పతనమైనవాడు కాడు. పేరు తిరిగి వచ్చింది, ఏడు అక్షౌహిణుల సేన వెనుక ఉంది, నొగల మీద కృష్ణుడున్నాడు. తానెవరో ఎవరికీ రుజువు చేయనక్కరలేని ఆ రోజున గురువుతో యుద్ధం మీద అతనికి ఆకలి చచ్చిపోయింది. పలుమార్లు తలపడ్డారు, నిజమే. కానీ 14వ రోజు సైంధవుడి కోసం పోతూ వ్యూహద్వారం దగ్గర ద్రోణుడు అడ్డుపడితే, కాసేపు పోరాడి, ఆయనకు ప్రదక్షిణం చేసి పక్కనుంచి వెళ్లిపోయాడు. శత్రువును గెలవకుండా పోవు కదా, ఎక్కడికి వెళుతున్నావని ద్రోణుడు వెనకనుంచి అరిచారు. తమరు నాకు గురువులు, శత్రువులు కారు, నేను మీకు కొడుకులాంటి శిష్యుణ్ణి అని జవాబిచ్చి ముందుకు సాగాడు. విరాటనగరం దగ్గర ప్రదక్షిణం యుద్ధానికి ముందు చేసినది. ఇక్కడిది యుద్ధం ఎగ్గొట్టడానికి చేసినది.

ఇష్టం లేని శిష్యుడి వల్ల గురువుకు ఎక్కువ మేలు జరగాలని మనం అనుకుంటాం. 15వ రోజున అశ్వత్థామ అనే ఏనుగు చచ్చింది, ధర్మరాజు నోట అబద్ధం వచ్చింది, ద్రోణుడు ఆయుధం విడిచి యోగంలో కూర్చున్నారు, ధృష్టద్యుమ్నుడు కత్తి పట్టుకుని ఆయన రథం మీదికి నడిచాడు. ఆచార్యులను ప్రాణాలతో తీసుకురా, చంపకు అని అర్జునుడు అరుస్తూ పరుగెత్తాడు. చేరేలోపు పని అయిపోయింది. తరువాత అతను అబద్ధమాడినందుకు ధర్మరాజును నిందించాడు, తనను కూడా వదల్లేదు. రాజ్యం మీది ఆశతో గురువును చంపుతుంటే ఉపేక్షించానని తానే చెప్పుకున్నాడు. కొట్టుకోవాలని తహతహలాడిన శిష్యుడి చేతిలో ద్రోణుడు పోగొట్టుకున్నది ఒక ఉత్తరీయం.