నష్టం లెక్క వేరు, అవసరం లెక్క వేరు

2019 మార్చి 14 రాత్రి ఇడాయ్ తుపాను మొజాంబిక్‌లోని బైరా నగరం దగ్గర తీరం దాటింది. అక్కడికి చేరిన రెడ్‌క్రాస్ బృందం గాల్లోంచి చూసి నాలుగు రోజులకు ఒక అంచనా చెప్పింది. బైరా, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో 90 శాతం దెబ్బతినడమో నాశనం కావడమో జరిగిందన్నది దాని సారాంశం. ఆ 90 శాతం ఒక్క రోజులో ప్రపంచమంతా తిరిగింది. 'దెబ్బతినడమో' అన్న ముక్క మాత్రం చాలా శీర్షికల్లో జారిపోయి, నగరంలో 90 శాతం నాశనమైందన్న వార్త మిగిలింది.

రెడ్‌క్రాస్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ అంకె లేకపోతే ప్రపంచం అటు తల తిప్పేది కాదు. కాకపోతే రేకులు ఎగిరిపోయి గోడలు నిలిచిన ఇల్లూ, పునాదితో సహా కొట్టుకుపోయిన ఇల్లూ ఆ అంకెలో పక్కపక్కనే కూర్చున్నాయి. మొదటి ఇంటివాళ్లకు రేకులు, మేకులు, ఒక నిచ్చెన ఇస్తే వారంలో నీడ ఏర్పడుతుంది. రెండో ఇంటివాళ్లకు ముందు తల దాచుకునే చోటు కావాలి, తర్వాత స్థలం, ఆ స్థలం తమదేనని చూపే కాగితం, ఆపైన ఇల్లు. పైనుంచి ఎగురుతూ వేసేది అక్షరాలా కాకి లెక్కే.

తిరగేసి చూసినా ఇంతే. పైకప్పు చెక్కుచెదరని ఇల్లు ఫొటోలో క్షేమంగా కనిపిస్తుంది. లోపల మోకాలి లోతు బురద ఉండొచ్చు, దాచుకున్న గింజలు నాని మొలకెత్తి ఉండొచ్చు, పెరట్లో బావి ఉప్పునీళ్లతో నిండి ఉండొచ్చు. నాయకుల విహంగ వీక్షణానికి గానీ ఉపగ్రహానికి గానీ ఆ బావి నీళ్ల రుచి తెలియదు.

ఉపగ్రహాలు దండగ అనడం లేదు. పలు అంతరిక్ష సంస్థలు కలిసి 2000 నుంచి నడుపుతున్న అంతర్జాతీయ చార్టర్ ద్వారా విపత్తు వచ్చిన దేశానికి ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా అందుతున్నాయి. ఐరోపా వారి కోపర్నికస్ వ్యవస్థ గంటల వ్యవధిలో పటాలు గీసి పెడుతోంది. మబ్బు కమ్మినా, రాత్రయినా రాడార్ చిత్రాలు వరద నీటి అంచును పట్టిస్తాయి. ఏ రోడ్డు తెగింది, ఏ వంతెన లేదు, నీళ్లు ఎంత మేర నిలిచాయి అన్న ప్రశ్నలకు వీటిని మించినవి లేవు. ఇళ్ల సంగతికొచ్చేసరికి పరిస్థితి మారుతుంది. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను కుదిపేసినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని కూలిన ఇళ్లను గుర్తించారు. తర్వాత క్షేత్రానికి వెళ్లి సరిచూస్తే ఆ గుర్తుల్లో తప్పులు చాలానే బయటపడ్డాయి. వాళ్ల శ్రమ గొప్పదే. నిటారుగా పైనుంచి తీసిన ఫొటోకు గోడలు కనిపించవు, అంతే.

మొదటి మూడు రోజుల్లో ఒకే ఒక్క పటం అడగమంటే, నేను కూలిన ఇళ్ల పటం అడగను. ఎక్కడెక్కడి నుంచి ఇంకా కబురు రాలేదో ఆ పటం అడుగుతాను. సెల్ టవర్ నిలిచిన చోటి నుంచి ఫోన్లు వస్తాయి, రోడ్డు ఉన్న చోటికి కెమెరాలు వెళ్తాయి. ఎక్కువ గోల వినిపించిన చోటే ఎక్కువ నష్టం జరిగిందని అనుకుని లారీలు అటే కదులుతాయి. అసలు దెబ్బ తగిలిన చోట ఫోన్ చేయడానికి టవరూ ఉండదు, ఒక్కోసారి మనిషీ ఉండడు. 2008 మే 2న నర్గీస్ తుపాను మయన్మార్‌లోని ఐరావతి డెల్టా మీద విరుచుకుపడినప్పుడు జరిగింది ఇదే. పడవలో తప్ప చేరలేని ఊళ్లు, తెగిపోయిన ఫోన్లు, పైగా బయటి సహాయక సిబ్బందికి వీసాల జాప్యం. మొదట వందల్లో చెప్పిన మృతుల సంఖ్య రోజురోజుకూ పెరుగుతూ పోయి, చివరికి చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిపి సుమారు 1,38,000 దగ్గర ఆగింది. కబురు రాని ఊరిని 'సమాచారం లేదు' అని రాసి పక్కన పెట్టడం కన్నా, దాన్నే అత్యంత ప్రమాదంలో ఉన్న ఊరుగా లెక్కగట్టి ముందు అక్కడికి పడవ పంపడం మేలు. పొరపాటైతే ఒక పడవ ఖర్చు వృథా అవుతుంది.

ఇక అసలు విషయం. నష్టం అంటే పోయింది. అవసరం అంటే ఇప్పుడు లేనిది. ఈ రెండూ ఒకటి కావని నిరూపించిన పని యాభై ఏళ్ల కిందటే జరిగింది. 1970 నవంబరు 12 రాత్రి అప్పటి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని భోలా తుపాను, దాని వెంట వచ్చిన ఉప్పెన ఊడ్చేశాయి. ఢాకాలోని కలరా పరిశోధనశాలలో పనిచేస్తున్న ఆల్ఫ్రెడ్ సోమర్, వైలీ మోస్లీ అనే ఇద్దరు వైద్యులు బాధిత ప్రాంతాల్లో రెండు విడతలుగా సర్వే చేశారు. మొదటిది ఆ కొన్ని వారాల్లోనే హడావిడిగా, రెండోది కొన్ని నెలల తర్వాత తీరిగ్గా, ఎక్కువ ఇళ్లు తిరిగి. ఫలితాలు 1972లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

వాళ్లు తిరిగిన ప్రాంతంలో సగటున ప్రతి వంద మందిలో 16 మందికి పైగా చనిపోయారు. కనీసం 2,24,000 మంది పోయారని తేల్చారు. చనిపోయినవారిలో సగానికి పైగా పదేళ్ల లోపు పిల్లలు. వృద్ధులు, ఆడవాళ్లు కూడా ఎక్కువగానే పోయారు. బతికినవారి ఒంటి మీద ఒక వింత పోలిక కనిపించింది. ఛాతీ, చేతుల లోపలి వైపు, తొడలు గీరుకుపోయి ఉన్నాయి. రాత్రంతా చెట్టును కరుచుకుని అలలకు ఎదురు నిలిచినవాళ్ల దేహాలవి. దానికి వాళ్లు 'సైక్లోన్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. చెట్టును అలా పట్టుకోగల సత్తువ ఉన్నవాళ్లే మిగిలారు. అందుకే పసిపిల్లలు లేని ఇళ్లు అన్ని మిగిలాయి.

అంత చావు చూసిన ప్రపంచం సహజంగానే డాక్టర్లను, మందులను పంపాలనుకుంటుంది. సర్వేలో తేలింది వేరు. ఉప్పెన చంపాల్సినవాళ్లను చంపేసింది. మిగిలినవారిలో పెద్ద గాయాలతో ఆసుపత్రి అవసరమైనవారు తక్కువ. వాళ్లకు కావాల్సింది తిండి, గూడు, వ్యవసాయ పనిముట్లు, దున్నడానికి పశువులు. ఆ తడిలోనే తర్వాతి పంట వేయకపోతే ఆ ఏడాదంతా ఇంకొకరు పెట్టింది తినాలి. మృతుల సంఖ్య చూసి మందుల పెట్టెలు ఎక్కించేవాళ్లు ఆ లాన్సెట్ వ్యాసాన్ని గోడకు అతికించుకోవాలనిపిస్తుంది నాకు.

మృతుల సంఖ్యకూ అవసరానికీ పొంతన ఉండదని పసిఫిక్‌లోని వనువాటు మరోలా చూపించింది. 2015 మార్చిలో పామ్ తుపానుకు అక్కడ చనిపోయినవారు 11 మంది. ఆర్థిక నష్టం మాత్రం ఆ దేశ జీడీపీలో 64 శాతం. ముందుగా హెచ్చరించి ప్రాణాలు కాపాడుకున్న దేశం వార్తల్లోంచి త్వరగా మాయమవుతుంది. బాగా పనిచేసినందుకు ఇదో శిక్ష.

ఇప్పుడు ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు వాడే లెక్క పద్ధతికి మూలం 1970లలో లాటిన్ అమెరికా కోసం ఐక్యరాజ్యసమితి ఆర్థిక సంఘం తయారుచేసిన విధానం. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు, ఐరోపా కమిషన్ 2008లో ఒక ఒప్పందానికి వచ్చి దాన్ని ఉమ్మడిగా వాడుతున్నాయి. అందులో కూలిన ఆస్తి విలువ ఒక పద్దు. ఆ కూలడం వల్ల మున్ముందు రాకుండా పోయే ఆదాయం రెండో పద్దు. పునరుద్ధరణకు కావాల్సినది మూడోది. కాగితం మీద ఇది చక్కని విభజన. చిక్కల్లా మొదటి పద్దు కొలవడం సులువు కాబట్టి, వార్తల్లోకి అదే వస్తుంది. ఆస్తి ఉన్నవాడికే ఆస్తి నష్టం. రెండంతస్తుల గోదాము కూలితే పెద్ద అంకె, అందులో మూటలు మోసే మనిషి ఫారంలో సున్నా. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల ఇల్లు కూలితే నష్టం యజమాని పేరున పడుతుంది, వానలో నిలబడేది అద్దెకున్నవాళ్లు. కౌలుకు దున్నేవాడి పంట పోతే పరిహారం పట్టా ఉన్న పేరును వెతుక్కుంటూ వెళ్తుంది.

హైయాన్ నేర్పిన పాఠం ఇంకొంచెం లోతైనది. ఆ తుపానులో సుమారు 3 కోట్ల 30 లక్షల కొబ్బరి చెట్లు దెబ్బతిన్నాయి. చెట్టుకింత అని ఖరీదు కట్టడం తేలికే. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. ఈలోపు ఆ కాయలు దింపి, ఒలిచి బతికేవాళ్ల సంగతేమిటి? పైగా పడిపోయిన మొద్దులు అలాగే వదిలేస్తే కుళ్లి, వాటిలో కొమ్ముపురుగు పెరిగి, నిలిచిన చెట్లను కూడా తినేస్తుంది. అంటే తక్షణ అవసరం కొత్త మొక్కలే కాదు, చైన్‌సాలు కూడా. మొద్దులు కోసి పలకలు తీస్తే తోట శుభ్రపడుతుంది, ఇళ్లకు కలప దొరుకుతుంది, కోసినవాడికి కూలి వస్తుంది. రంపం కావాలన్న సంగతి తోటలో నడిస్తేనే తెలుస్తుంది.

అవసరం ఒక తేదీన ముగియదు కూడా. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టోరికోను దాటింది. దాదాపు ఏడాది పాటు అధికారిక మృతుల సంఖ్య 64. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అధ్యయనం తర్వాత 2018 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని 2,975కు మార్చింది. ఆ రోజు గాలికి చచ్చిపోయినవారు కొద్దిమంది. కరెంటు లేక, డయాలసిస్ అందక, ఆక్సిజన్ యంత్రం ఆగి, మందులు దొరక్క తర్వాతి నెలల్లో పోయినవారే ఎక్కువ. వృద్ధులు, పేదలు ముందు వరుసలో ఉన్నారు. అందరికీ కరెంటు తిరిగి రావడానికి పదకొండు నెలల దాకా పట్టింది. జనరేటర్ ఎవరి ఇంట్లో ప్రాణంతో సమానమో ముందే జాబితా ఉండి ఉంటే, నష్టం అంచనా కాస్త ఆలస్యమైనా ఫరవాలేకపోయేది.

ఇలా అంటే ప్రతిదానికీ సర్వే చేయాలని అర్థం చేసుకోవద్దు. కొన్ని అవసరాలకు అంచనా అక్కర్లేదు. వరద నీళ్లు, కిక్కిరిసిన శిబిరాలు ఉన్నచోట కలరా వస్తుందని ఎవరికైనా తెలుసు. ఇడాయ్ తర్వాత మార్చి 27న మొదటి కలరా కేసులు నిర్ధారణ అయ్యాయి. ఏప్రిల్ 3న టీకాలు మొదలై 8 లక్షల మందికి పైగా అందాయి. ఆరు వేలకు పైగా కేసులు వచ్చినా మరణాలు 8 దగ్గర ఆగాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, ఒక్కొక్కరికి మూడున్నర చదరపు మీటర్ల నీడ అని సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. తలలు లెక్కపెట్టి గుణిస్తే చాలు, మొదటి వారానికి అదే అంచనా.

అడగాల్సింది మిగతాది. అక్కడే మన బృందాలు తేలిపోతాయి. టార్పాలిన్ కింద కూర్చున్న ఒక తల్లి దగ్గరికి సోమవారం ప్రభుత్వ ఉద్యోగి వచ్చి ఇంట్లో ఎంతమంది అని రాసుకుంటాడు. మంగళవారం ఒక స్వచ్ఛంద సంస్థ, బుధవారం మరొకటి. మూడోసారికి ఆమె సంఖ్య పెంచి చెబుతుంది, లేదా లోపలికి వెళ్లిపోతుంది. రెంటికీ ఆమెను తప్పుపట్టలేం. మీకేం కావాలి అని అడిగితే, వచ్చిన బండిలో ఏముందో చూసి అదే చెబుతుంది. నిన్న నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు, ఎంతసేపు పట్టింది, ఎవరు వెళ్లారు అని అడగాలి. రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఈ వారంలో ఏం అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అని అడగాలి. సంచి గింజలు అందినా వండడానికి గిన్నె, పొడి కట్టెలు లేని సంగతి అప్పుడే బయటికొస్తుంది. ఇవి ఆడవాళ్లను, ఆడవాళ్లే, మగవాళ్లు పక్కన లేనప్పుడు అడగాలి. దుకాణాలు తెరిచి ఉంటే సరుకు బదులు డబ్బు ఇవ్వొచ్చు, తెరిచి లేకపోతే ఆ డబ్బు నోటు ముక్కే. అదీ అడిగితేనే తెలుస్తుంది.

నర్గీస్ విషయంలో మొదట అంత ఆలస్యం జరిగినా, తర్వాత జరిగిన పని మెచ్చుకోదగ్గది. మయన్మార్ ప్రభుత్వం, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్, ఐక్యరాజ్యసమితి కలిసి ఒకే ఉమ్మడి సర్వే చేశాయి. ఒకే ఫారం, ఒకే లెక్క. అక్కడితో వదిలేయకుండా విడతల వారీగా మళ్లీ మళ్లీ వెళ్లి పరిస్థితి సమీక్షించాయి. ఈ రెండో భాగాన్నే తర్వాతి చాలా తుపాన్లలో మర్చిపోయారు. సాయం కోసం విజ్ఞప్తి వెలువడగానే అంచనా బృందాలు మూటాముల్లె సర్దుకుంటాయి.

మొజాంబిక్ మధ్య ప్రాంతంలో ప్రధాన పంట ఏప్రిల్ ప్రాంతంలో చేతికొస్తుంది. ఇడాయ్ సరిగ్గా దానికి కొన్ని వారాల ముందు వచ్చి 7 లక్షల హెక్టార్లకు పైగా పంటను ముంచింది. మార్చిలో శిబిరాల్లో జనం సాయం మీద తిన్నారు. ఏప్రిల్ 25న కెనెత్ తుపాను దేశం ఉత్తరాన్ని తాకడంతో ప్రపంచం చూపు అటు మళ్లింది. పంట లేని ఇంటికి ఆకలి అసలు ముదిరేది అక్టోబరు నుంచి, తర్వాతి పంట దాకా. ఆ ఆకలిని కొలవాల్సిన సర్వే అక్టోబరులో వెళ్లాలి, అప్పటికి విత్తనాలు ఉన్నాయా లేదా అని అడగాలి. అందుకు కావాల్సిన డబ్బు మార్చిలోనే విజ్ఞప్తిలో రాసి పెట్టుకోవాలి.