స్థిరాస్తి వ్యాకరణం

భూత, భవిష్యత్, వర్తమాన కాలాలు మూడూ బడిలోనే నేర్చుకున్నాం. ప్లాటు మీద పెట్టుబడి పెట్టదలచినవారు అందులో రెండింటిని ముందుగా మరచిపోవాలి. ఆదివారం పొద్దున వెంచరుకు వెళ్ళే ఉచిత బస్సు ఎక్కింది మొదలు చెవిన పడే క్రియాపదాలన్నీ భవిష్యత్తువే. రోడ్డు రాబోతోంది, కంపెనీలు రానున్నాయి, ధర రెట్టింపు కానుంది. ఇప్పటికి వచ్చింది మాత్రం మనమే.

నాకు ఈ విద్య నేర్పిన గురువు మా తోడల్లుడు. వారంలో ఆరు రోజులు గుమాస్తా, ఆదివారం మార్కెటింగ్ డైరెక్టరు. ఆ బస్సులో డ్రైవరు తప్ప అందరూ డైరెక్టర్లే.

మొదటి పాఠం దూరం. కిలోమీటర్లు పామరుల కొలత, వెంచరులో దూరాన్ని నిమిషాల్లో చెప్పాలి. అంతకన్నా శాస్త్రీయమైనది కూతవేటు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దానికి ‘కూతవేటు దూరంలో’ అమ్ముడైన ప్లాట్లు ఎక్కడున్నాయో చూస్తే, తెలుగువాడు కూత వేస్తే జహీరాబాదు దాటి కర్ణాటకలో వినపడుతుందని తేలుతుంది.

రెండు గంటల ప్రయాణం తర్వాత దిగాం. ఎర్రమట్టి నేల, రంగురంగుల జెండాలు, కోట గుమ్మమంత ఆర్చి. కనుచూపు మేరలో నీడ అంటూ ఉంటే ఆ ఆర్చిదే, బిర్యానీ అక్కడే వడ్డించారు. మోకాలెత్తు ఎర్రచందనం మొక్కలు కొన్ని అప్పటికే మోక్షం పొందాయి. తూర్పు ముఖం ప్లాటుకు గజానికి 500 రూపాయలు అదనమన్నారు. సూర్యుడు ఉచితంగా ఉదయించే రోజులు పోయాయి.

వర్తమాన కాలం గురించి ఒక్క ముక్క. ప్లాటు కాకుండా ఫ్లాటు కొని అద్దెకిస్తే ఎలా ఉంటుందని అడిగి నవ్వులపాలయ్యాను. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేలు అద్దె వస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే 3 శాతం. అందులోంచే ఆస్తి పన్ను, మరమ్మతులు. గృహరుణం వడ్డీ మాత్రం దానికి రెట్టింపు దాటుతుంది. ఈ లెక్క మూడో తరగతి పిల్లవాడికీ వస్తుంది, అందుకే డైరెక్టర్లు దాని జోలికి పోరు.

అసలు చిక్కంతా భూతకాలంతోనే. ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, నిషేధిత భూముల 22-ఎ జాబితా, చెరువు నిండితే నీరు చేరే ఎఫ్‌టీఎల్ హద్దు... ఇవన్నీ భూమి పూర్వజన్మ వృత్తాంతాలు. హైదరాబాదు జంట జలాశయాల రక్షణకని నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలకు ఎన్నేళ్ళు కాపలా కాసిందో అందరికీ తెలుసు. అలాంటి సంగతులు శుభమా అని ప్లాటు కొనేటప్పుడు ఎత్తకూడదట. ‘ఒకసారి ఈసీ చూపిస్తావా?’ అన్నాను. తోడల్లుడి ముఖం వాడిపోయింది. ‘అన్నయ్యా, మన మధ్య ఈసీలు ఏమిటి?’ అన్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల పళ్ళు లెక్కపెట్టినవాడిలా సిగ్గుపడ్డాను.

స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే రెరా సంగతి కూడా అడిగాను, ధైర్యం చేసి. రిజిస్ట్రేషను లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు, ఒప్పందం రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు అని 2016 నాటి చట్టం. ‘అది అమ్మకాలకు. ఇది ప్రీ లాంచ్, ఆత్మీయులకే’ అన్నాడు. మొత్తం సొమ్ము ఒకేసారి కడితే సగం ధరట. ఆత్మీయత ముందు చట్టం ఎంత? 200 గజాలు, 112వ నంబరు, తూర్పు ముఖం. భార్య గాజులతో సహా కట్టేశాను.

మూడు నెలల తర్వాత, రిజిస్ట్రేషను ‘కాబోతున్న’ సమయంలో, ఒక్కడినే వెళ్ళాను. ఆర్చికి రంగు వెలిసింది. జెండాలు లేవు. నా హద్దురాయికి ఎవరో మేకను కట్టారు. పక్కనే తుమ్మచెట్టు కింద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి తాడు విప్పబోయాడు.

‘ఉండనివ్వు తాతా’ అని, రాయి పక్కన నిలబడి ఫోనులో ఫొటో తీసుకున్నాను.

‘మొన్న కూడా ఒకాయన ఈ రాయి దగ్గరే ఇలాగే ఫొటో దిగి వెళ్ళాడు బాబూ’ అన్నాడు తాత. ‘మీ అన్నగారా?’