ఈ తేనెటీగల ఎగుమతి ఆపాల్సిందే

దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియా అడవుల్లో నారింజ రంగు బొచ్చుతో తిరిగే బాంబస్ డాల్బోమి ప్రపంచంలోని అతిపెద్ద బంబుల్ బీలలో (బొచ్చు తేనెటీగల్లో) ఒకటి. ఒకప్పుడు విరివిగా తిరిగిన చోట్ల కూడా ఇప్పుడు అరుదైపోయింది. దాని చోటును యూరప్ నుంచి పెట్టెల్లో వచ్చిన మరో బంబుల్ బీ, బాంబస్ టెరెస్ట్రిస్, ఆక్రమించింది.

తప్పు ఆ ఈగది కాదు. టెరెస్ట్రిస్ రాణి చలికాలమంతా మట్టిలో ఒంటరిగా నిద్రపోయి, వసంతంలో లేచి, పాత ఎలుక కలుగులో గూడు కట్టుకుంటుంది. రెక్కల కండరాలు వణికించి, ఆ వేడితో గుడ్లను పొదుగుతుంది. ఒక్క తల్లితో మొదలైన గూడు కొన్ని వందలకు పెరుగుతుంది. ఏ పువ్వు దొరికితే దాని మీద బతుకుతుంది. నాలుక అందనంత పొడవు పువ్వైతే దాని అడుగున కన్నం పెట్టి తేనె లాగేస్తుంది, పుప్పొడిని తాకదు. ఇంత మొండి జీవిని కొత్త ఖండంలో వదిలితే ఏమవుతుందో ముందే ఊహించాల్సింది.

గ్రీన్‌హౌస్ టమాటా పువ్వును గట్టిగా కంపింపజేస్తేనే పుప్పొడి బాగా రాలుతుంది. మామూలు తేనెటీగకు అది చేతకాదు, టెరెస్ట్రిస్‌కు వచ్చు. 1987లో బెల్జియంలో టెరెస్ట్రిస్ గూళ్లను పెంచి అమ్మడం మొదలయ్యాక, కూలీలు చేత్తో పువ్వులు కదిపే పని తప్పింది. ఈగలు చస్తాయని రైతులు పురుగుమందులూ తగ్గించారు. ఈ మేలును కాదనను. కానీ స్థానిక జాతులను పెంచుకునే దారి ఉండగా యూరప్ ఈగే ఎందుకు?

చిలీ 1990లలో దీని దిగుమతికి అనుమతి ఇచ్చింది. అర్జెంటీనా ఇవ్వలేదు. అయినా 2006 నాటికి అది రెండు దేశాల మధ్య ఉన్న ఆండీస్ కొండలు దాటి అర్జెంటీనాలోకి వచ్చేసింది. పరాన్నజీవులనూ వెంట తెచ్చిందని పరిశోధకులు గుర్తించారు. అక్కడి రాస్ప్‌బెర్రీ తోటల్లో ఒక్కో పువ్వు మీద ఇవి లెక్కకు మించి వాలడంతో కీలాలు (పుప్పొడిని అందుకునే ఆడ భాగాలు) విరిగి, పండులో గింజలు తగ్గాయి. రైతుకూ నష్టమే! జపాన్ అదే 2006లో దీన్ని ఆక్రమణ జాతుల చట్టం కిందకు తెచ్చింది.

ఒక దేశం సంతకం పెడితే పక్క దేశం భరించాలా? మన సర్కారు తుమ్మ సంగతీ ఇంతే. వంటచెరకు కోసమని 19వ శతాబ్దంలో పరాయి నేల నుంచి తెచ్చారు. ఈ రోజు చెరువు గట్టు, బీడు, పోరంబోకు అంతా అదే. కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. తుమ్మకు వేరైనా ఉంది, పట్టుకుని లాగొచ్చు. రెక్కలున్న రాణిని ఆండీస్ అడవుల్లో ఎవరు వెతికి పట్టుకుంటారు?