ఒక్క పాణానికి ఇల్లెందుకమ్మా?

2025 జనవరిలో ఇందిరమ్మ ఇళ్లకు, రేషన్ కార్డులకు ఊరూరా వార్డువార్డునా సభలు పెట్టారు గదా. వరంగల్ దిక్కు ఒక సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, ఇల్లు కావాలని ఎదురుగా నిలబడ్డ ఒంటరి ఆమెను అడిగాడు: "ఒక్క పాణానికి ఇల్లెందుకమ్మా?" ఆయన పేరు రాయను. రాస్తే దాన్ని కూడా ఫ్లెక్సీ వేయించుకుంటాడు.

జనం నవ్వారు. నేను మాత్రం ఆ ప్రశ్నను చాలా సీరియస్‌గా తీసుకున్నాను. ఆలోచిస్తే నిజమే అనిపించింది. వాన నలుగురున్న ఇంటి మీద పడ్డంత గట్టిగా ఒంటరి మనిషి ఇంటి మీద పడదు. మే నెలలో ఓరుగల్లు ఎండ కూడా రేషన్ కార్డులో యూనిట్లు చూసుకునే కొడుతుంది. పాములైతే అసలే రావు. మనిషి ఒక్కతే ఉన్న గుడిసెకు వచ్చి అవి మాత్రం ఎవరిని పలకరిస్తాయి?

చిక్కేమిటంటే, 2024 మార్చిలో భద్రాచలంలో ఈ పథకం మొదలుపెట్టినప్పుడు ఒంటరి మహిళలు, వితంతువులు కూడా అర్హులేనని మార్గదర్శకాల్లో రాసుకున్నారు. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే మంజూరు చేయాలనీ రాసుకున్నారు. రాసినవాళ్లను నేనేమీ అనను. కాకపోతే ఆ కాగితం హైదరాబాద్‌లో రైలెక్కి, భువనగిరి దాటి, జనగామ దాటి, కాజీపేట వచ్చేలోపు ఎక్కడో చాయ్ తాగడానికి దిగిపోయినట్టుంది. ఇక్కడికి చేరిన రూల్ ఇది: ముందు ఒక ఇంటాయన ఉండాలి, ఆయనకు ఒక ఇల్లాలు ఉండాలి, ఆమె పేరు మీద ఆయన ఇల్లు తెచ్చుకోవాలి.

సరే, ఒంటరిదాన్నే అంటున్నావు, రుజువేది? పెళ్లయిందంటే శుభలేఖ ఉంటుంది, ఆల్బమ్ ఉంటుంది, బిర్యానీలో ముక్కలు పడలేదని ఇప్పటికీ అలిగి ఉన్న బావ ఉంటాడు. కాలేదనడానికి ఏముంటుంది? అందుకని ఎంక్వైరీ. నా మనసులో ఆ ఎంక్వైరీ రోజూ జరుగుతూనే ఉంది. రంగశాయిపేటలోనో కరీమాబాద్‌లోనో ఒక రేకుల గది. ముగ్గురు వస్తారు. వాకిట్లో దండెం మీద ఒక గీతల అంగీ ఆరేసి ఉంటుంది.

"ఇదెవరిదమ్మా?"

"ఎవరిదీ కాదు సార్. రాత్రిపూట తాగుబోతులు తలుపు కొట్టకుండా ఆరేస్త."

"ఎవరిదీ కాని అంగీ ఉంటదా?"

"అంగట్ల కొన్న సార్, పాతది."

"మరి తడిగ ఎందుకున్నది?"

"రోజూ పొడి అంగీనే ఉంటే ఎవరు నమ్ముతరు సార్? పొద్దుగాల తడిపి ఆరేస్త."

రెండో ఆయన టేపు తీసి అంగీ కొలుస్తాడు. సైజు 42. జేబులు తడుముతాడు. బీడీ పొడి లేదు, బస్సు టికెట్ లేదు, చిల్లర లేదు. "చెడు అలవాట్లు లేని మనిషి" అని రాసుకుంటాడు. మూడో ఆయన చూపు గడప దగ్గరి మగ చెప్పుల మీద పడుతుంది. అవీ కాపలాకే పెట్టింది పాపం, ఒక్క అడుగు కూడా నడవనివి. తిరగేసి చూస్తే అట్ట అరగలేదు. ముగ్గురూ పక్కకుపోయి చర్చిస్తారు. అంగీ రోజూ ఉతుకుతున్నారు, చెప్పులు మాత్రం అరగడం లేదు. కాబట్టి భర్త ఉన్నాడు, మంచంలో ఉన్నాడు. ఫారంలో అలాగే ఎక్కిస్తారు. పోతూ పోతూ ఒక ఆయన జాలిపడి, "ఆరోగ్యశ్రీకి పెట్టుకో అమ్మా, ఆయనకు ఉపయోగపడతది" అని కూడా చెబుతాడు.

మరునాడు ఆమె ఆ అంగీ తీసి పెట్టెలో పెడుతుంది. వారం తిరక్కుండా రాత్రి ఎవడో తలుపు బాదుతాడు. పొద్దున స్టేషన్‌కు పోతే అక్కడి ప్రశ్న: "ఇంట్ల మగదిక్కు లేదా?"

ఇదేదో కొత్త తెలివి అనుకోకండి. ఏడు వందల ఏళ్ల కిందట ఇదే ఊరి కోటలో కూర్చుని రాజ్యమేలిన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అయింది. ఆవిడ కూడా దండెం మీద అంగీ ఆరేసినట్టే లెక్క.

ఒంటరితనానికి మన దగ్గర వయసు కూడా ఉంది. 2017లో ఒంటరి మహిళల పింఛన్ మొదలుపెట్టినప్పుడు, పెళ్లికాని ఆమెకు పల్లెలో 30 ఏళ్లు, పట్నంలో 35 ఏళ్లు నిండాలన్నారు. ఈ ఐదేళ్ల తేడా మీద నేను చాలా పరిశోధన చేశాను. పట్నంలో మ్యారేజ్ బ్యూరోలు ఎక్కువ గనుక ఆశ ఇంకో ఐదేళ్లు బతుకుతుందని ప్రభుత్వం నమ్మింది. వరంగల్ పట్నంలో ఉర్సుగుట్ట ఇవతల 32 ఏళ్ల మనిషి ఒంటరి కాదు, అదే మనిషి నెక్కొండ దిక్కు పల్లెకు పోయి అద్దెకు దిగితే ఒంటరి. అన్నట్టు, మన నాయకులు దశాబ్దాలుగా ప్రతి ఊరినీ సింగపూర్ చేస్తామంటుంటే మనం ఊరికే ఎగతాళి చేశాం. అక్కడ పెళ్లికాని మనిషి సర్కారు ఫ్లాట్ కొనుక్కోవాలంటే మామూలుగా 35 నిండాల్సిందే. పెళ్లి కాకుండా తల్లయిన ఆమెను, ఆమె బిడ్డను మామూలు కుటుంబం కింద జమకట్టరు. రోడ్లు, డ్రైనేజీ సంగతి అటుంచండి, ఈ ఒక్క విషయంలో వరంగల్ సింగపూర్ అయిపోయింది.

ఇంత దాటి లిస్టులో పేరు వచ్చిందే అనుకుందాం. సొంత జాగ ఉన్నవాళ్లు మొదటి లిస్టు, లేనివాళ్లు రెండో లిస్టు. ఒంటరి ఆడమనిషికి జాగ ఎక్కడిది, అది అన్నదమ్ముల పేరు మీద ఉంటుంది. పెళ్లికాని కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా అని ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే చట్టం చేశారు, కాగితం మీద. జాగ ఉన్నా, ఐదు లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకే పడుతుంది. అప్పటిదాకా ఏనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమెలు తీసిన కూలితో పునాది తవ్వించాలి. ఇంట్లో రెండో కూలి లేదు. మేస్త్రీ వచ్చి, "సార్‌ను పిలువు అక్కా, రేటు మాట్లాడుకుంటం" అంటాడు.

బిడ్డ ఉండి మొగుడు లేని ఆమె దగ్గరికి వస్తే మైకు పట్టుకున్న పెద్దమనిషికి గొంతు లేస్తుంది. బిడ్డ తండ్రి ఎవరు? ఎక్కడుంటాడు? సంతకం పెడతాడా? ఇల్లు అడిగితే పంచాయితీ పెడతారు. పెళ్లికాని తల్లి బిడ్డకు తానొక్కతే గార్డియన్‌గా ఉండొచ్చని, తండ్రి పేరు బయటపెట్టమని ఆమెను బలవంతపెట్టనక్కర్లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మన వార్డు సభ సుప్రీంకోర్టు కన్నా పెద్దది కాబోలు.

నిజామాబాద్ దిక్కు జోగిని తల్లులున్నారు. ఊహ తెలియని వయసులో దేవత పేరు చెప్పి పెళ్లి చేసింది ఊరు. డప్పులు కొట్టింది ఊరు. పెద్దయ్యాక రాత్రిపూట ఆమె గుడిసెకు పోయింది ఆ ఊరి పెద్దమనుషులు. 1988లో చట్టం వచ్చి అది నేరమైంది. అదే ఊళ్లో, అదే గద్దె మీద కూర్చుని, ఆమె ఇంటికి దరఖాస్తు పెడితే "భర్త పేరేంది?" అని అడగడానికి మీకు నోరెట్లా వస్తుంది? బిడ్డ తండ్రి పేరు కావాలా? సభలో ముందు వరస కుర్చీల వైపు చూడండి. ఆమెకు తెలుసు, మీకూ తెలుసు. ఆమె నోరు విప్పనిది మీ పరువు కోసం, ఆ రుణం తీర్చడానికి నాలుగు వందల చదరపు అడుగుల ఇల్లు చాలా తక్కువ. వితంతువుకు ఇస్తారు, మంచిదే, ఇవ్వాలి. మొగుడు చస్తే అర్హురాలు, అసలు లేకపోతే అనుమానితురాలా?

ఒంటరి మగవాళ్ల గురించి ఎవరూ రాయరు గనుక నాలుగు మాటలు. ఇల్లు ఆడవాళ్ల పేరు మీద అన్నాక, తల్లి పోయిన, పెళ్లికాని హమాలీ ఎవరి పేరు చెప్పాలి? గతంలో డబుల్ బెడ్‌రూం ఇళ్లప్పుడు కూడా పట్టా ఇల్లాలి పేరు మీదే. ఆయన సభకు పోతే సభ్యులు భుజం తట్టి, "ముందు పెళ్లి చేసుకో తమ్మీ, మలి విడతల చూద్దాం" అన్నారట. ఆయన మాట వినేవాడు, పోయి సంబంధం చూసుకున్నాడు. పిల్ల తండ్రి మర్యాదగా చాయ్ ఇచ్చి, "పిల్లగాడు మంచోడే, మరి సొంతిల్లు ఉన్నదా?" అని అడిగాడు.