దింపు కార్మికుడికి ఏడంచెల పరీక్ష

కోనసీమ వెనుకబాటుకు కారణాలు వెదికిన పెద్దలు వరదలనూ, కొబ్బరి ధరనూ తప్పుపట్టారు గానీ, ఇక్కడ మనిషి పనితనాన్ని అంచనా వేసే పద్ధతి ఎంత అనాగరికమో గమనించలేదు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో దింపు తీయడానికి, అంటే చెట్టెక్కి కాయలు కోసి దింపడానికి, కొత్త మనిషి వస్తే రైతు "ఏదీ, ఎక్కు చూద్దాం" అంటాడు. అతను కాళ్లకు బంధం తగిలించుకుని ఎక్కి, కాయను తట్టి ముదురేదో లేతేదో తేల్చుకుని, పిందె రాలకుండా గెల కోసి దిగుతాడు. పది నిమిషాల్లో వ్యవహారం తేలిపోతుంది. దరఖాస్తు లేదు, ధ్రువపత్రం లేదు, సంస్థాగత విలువల మీద ప్రశ్న లేదు. ఇంత తొందరపాటుతో మనుషులను పనిలో పెట్టుకునే సీమ ఎలా బాగుపడుతుంది?

సాఫ్ట్‌వేర్ లోకం ఈ తొందరపాటును ఏనాడో వదిలించుకుంది. 2000లో వెలువడిన స్ఫియా అనే నైపుణ్య చట్రం, చెప్పింది చేసేవాడి నుంచి సంస్థకు దారి చూపేవాడి దాకా బాధ్యతను ఏడు స్థాయిలుగా విడదీసింది. నైపుణ్యాన్ని నిజంగా పని జరిగే చోట చేసి చూపాలని ఆ చట్రం చెబుతుంది పాపం. ఆ ఒక్క మాటను తీసేసి మిగిలినదంతా ఎక్సెల్ గడుల్లోకి ఎక్కించడం మన కార్యాలయాల సొంత ప్రతిభ.

మా మేనల్లుడు ఒక సంస్థకు ఇంటి నుంచే, కాలువ గట్టున కూర్చుని పనిచేస్తాడు. తన నైపుణ్యాలకు తానే అయిదుకు మార్కులు వేసుకోమని పట్టిక వస్తే, ఎనిమిదేళ్లుగా చూస్తున్న డేటాబేస్‌కు మూడు వేసుకున్నాడు. "ఇదేంట్రా, నీకు పని రాదా?" అన్నాను. "వచ్చు కాబట్టే మూడు వేశాను మావయ్యా" అన్నాడు. రెండు రాత్రులు వీడియోలు చూసిన కొత్త కుర్రాడు అదే గడిలో నిస్సంకోచంగా అయిదు వేసుకున్నాడు. పని అంతగా తెలియనివారే తమను ఎక్కువగా అంచనా వేసుకుంటారని డన్నింగ్, క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లోనే రాశారు గానీ, పట్టికకు చదువు రాదు గదా. కుర్రాడి గడి ఆకుపచ్చ అయింది, మావాడి గడి పసుపయింది, పసుపు గడుల వారందరికీ ప్రాథమిక శిక్షణ తప్పనిసరి అయింది. ఆ శిక్షణ పాఠాలు రాసింది మావాడే. ఆ వారమే అర్ధరాత్రి డేటాబేస్ మొరాయిస్తే ఫోను మాత్రం పసుపు గడికే వచ్చింది.

1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను కూడగట్టి, ఉద్యోగంలో మనిషి పనితీరును ఏది ఎంత బాగా ముందే చెప్పగలదో లెక్కించి (తప్పకుండా చెప్పగలిగితే 1, ఏమీ చెప్పలేకపోతే 0), పని చేయించి చూసే పరీక్షకు 0.54, అనుభవ సంవత్సరాలకు 0.18 విలువ కట్టారు. 2022లో మరికొందరు ఆ లెక్కలను సరిదిద్ది మొదటి అంకెను బాగా తగ్గించి, క్రమపద్ధతిలో సాగే ముఖాముఖిని పైన కూర్చోబెట్టారు. అనుభవ సంవత్సరాలు మాత్రం అప్పుడూ అడుగునే ఉండిపోయాయి. ఉద్యోగ ప్రకటనలు 'కనీసం అయిదేళ్ల అనుభవం' అనే మొదటి వాక్యాన్ని ఇప్పటికీ వదలకపోవడం వాటి నిష్ఠకు నిదర్శనం.

కాబట్టి దింపు కార్మికులకూ ఇదే విధానం వర్తింపజేయాలని ప్రతిపాదిస్తున్నాను. మొదట బోర్డు మీద చెట్టు గీసి, దాని కుడి కొమ్మలను ఎడమకూ ఎడమ కొమ్మలను కుడికీ మార్చమనాలి. కొబ్బరి చెట్టుకు కొమ్మలుండవన్న అభ్యంతరం చెల్లదు, ఎందుకంటే ముఖాముఖిలో ఇదే లెక్క చేసి చేరిన సాఫ్ట్‌వేర్ వారికీ ఉద్యోగంలో అలాంటి చెట్టు సాధారణంగా ఎదురుపడదు. తరవాత "అయిదేళ్లలో మిమ్మల్ని మీరు ఏ చెట్టు మీద చూసుకుంటున్నారు?" అని అడగాలి. ఆత్రేయపురంలో కాలే కుండ మీద పిండి గుడ్డ లాగి రేకు తీసే ఆడవాళ్లను కూడా, రేకు చిరిగిందా లేదా అన్న అల్ప విషయాన్ని పక్కనబెట్టి, పలుచదనం పట్ల వారి దృక్పథం గురించి ప్రశ్నించాలి.

ప్రయోగంగా నాలుగు పుటల పత్రం తయారు చేసి, మా తోటకు దింపుకు వచ్చే ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నిట్లోనూ అయిదేసుకున్నోడు ఎక్కుతాడాండీ మరి?" అని అడిగి, పత్రాన్ని అరుగు మీద పెట్టి చెట్టెక్కాడు. 'భావప్రసారం' గడిలో ఆయనకు రెండు వేయాలా మూడు వేయాలా అని నేను తేల్చుకునేలోగా కాయలన్నీ కిందికి దిగిపోయాయి.